సముద్రం చూసొచ్చిన చేతికర్ర

నేను వెదురుకర్రని. ఒడిశాలోని రామనగుడ సంతలో, కొండ మీది నుంచి మోపులతో దిగిన ఒక సవర తాత దగ్గర మా మాస్టారు ఏరి ఏరి నన్ను కొన్నారు. గుల్ల తక్కువున్న గట్టి జాతి మాది. నాకంటే ముందు ఈ కొండల్లో పెరిగిన వెదుళ్ళు లారీల కొద్దీ జేకేపూర్ వెళ్ళాయి. రాయగడ పక్కన 1962 నుంచి నడుస్తున్న కాగితాల మిల్లు అది. అవి ఏ పిల్లల నోటుపుస్తకాలయ్యాయో గాని, నాకు మాత్రం పిల్లలకు పాఠాలు చెప్పిన చెయ్యి దొరికింది. మాస్టారు నాకు అడుగున ఇనప పొన్ను తొడిగించి, పట్టుకునే చోట గాజుపెంకుతో నున్నగా గీసి, ఆముదం రాశారు. ఆయన మోకాలి భారం అప్పటి నుంచీ నాదే.

బడిలో ఒడియాలో పాఠం చెప్పి, ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడుకుని, అలాగే రిటైరైన మనిషాయన. ఆయన భార్య, మా అమ్మగారిది ఆంధ్రాలోని పాతపట్నం. మా వైపు ఇళ్ళన్నీ ఇంచుమించు ఇంతే. పొలం ఒక రాష్ట్రంలో, వియ్యంకులు ఇంకో రాష్ట్రంలో.

మాస్టారికీ అమ్మగారికీ విశాఖపట్నం కొత్త కాదు. కానీ వాళ్ళకి తెలిసిన విశాఖ అంటే పెద్దాసుపత్రి. 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రి. రాయగడ, కోరాపుట్ వైపు జబ్బు ముదిరితే చాలామందిని అక్కడికే తీసుకెళ్తారు. మాస్టారి తల్లిని అక్కడికే తీసుకెళ్ళారు, అమ్మగారి ఆపరేషనూ అక్కడే. ఆ ఆసుపత్రి గుట్ట మీద ఉంది, దిగితే సముద్రమే. అయినా వరండాల్లో చాప పరుచుకుని పడుకున్న మా వైపు జనం ఎంతమంది ఆ నాలుగడుగులూ వేసుంటారు? మందుల చీటీ చేతిలో ఉండగా అలలు ఎవరికి కనిపిస్తాయి? నన్ను బాధపెట్టే సంగతి ఇదొక్కటే, ఈ కథ చెబుతున్నదీ ఇందుకే.

కథ కదిలింది మేనల్లుడి ఫోనుతో. అతను విదేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. భార్యాభర్తలిద్దరూ నాలుగు రోజులు సెలవు పెట్టి పోర్చుగల్‌లోని లిస్బన్ చూసొచ్చారట. ఊళ్ళో పాత కోటలు, ట్రాములు చూసుకుని, లోకల్ రైలెక్కితే ముప్పావుగంటలో కాస్కాయిస్ అనే సముద్రపుటూరు వస్తుందనీ, రైలు నీటి అంచునే పోతుందనీ చెప్పాడు. ఫోను పెట్టేశాక అమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏటండీ, ఆళ్ళకి లిస్బనైతే మనకి విశాపట్నం లేదేటి? ఈసారి ఆసుపత్రి పని లేకుండా ఎల్దారి" అన్నారు.

కార్తీకమాసంలో బయల్దేరాం. రామనగుడకి రైలు లేదు. బస్సులో గుణుపురం వెళ్ళి విశాఖ ప్యాసింజరు ఎక్కాం. ఈ లైనుకి పెద్ద చరిత్రే ఉంది. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడా నుంచి తమ ఊరిదాకా చిన్న రైలు వేయించారు. 1931కి అది గుణుపురం చేరింది. 2004లో చిన్న పట్టాలు మూసేసి, పెద్ద లైను వేసి, 2011లో మళ్ళీ గుణుపురానికి రైలు పంపారు. అమ్మగారు పెళ్ళై అత్తారింటికి వచ్చింది ఆ చిన్నరైల్లోనే. పర్లాకిమిడి దాటి పాతపట్నం రాగానే ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని, రైలు కదిలి ఊరు కనుమరుగయ్యేదాకా అటే చూశారు. ఆ స్టేషన్లో దింపడానికి, ఎక్కించడానికి వచ్చే పుట్టింటివాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

నౌపడా తర్వాత మెయిన్ లైను. రైలు వంతెన ఎక్కినప్పుడు మాస్టారు చెప్పారు, "ఇది మన వంశధారే." శ్రీకాకుళం రోడ్డు దాటాక నాగావళి వచ్చింది. అదీ రాయగడ మీదుగా వచ్చేదే. మేం పట్టాల మీద, నదులు ఇసుక మీద, అందరం సముద్రానికే పోతున్నాం అనిపించింది నాకు.

ఆ సాయంత్రం రామకృష్ణా బీచి. ఇసుకలో నాకు కాలు నిలవలేదు. కొండరాళ్ళ మీద, పొలంగట్ల మీద, వానకి జారే ఎర్రమట్టి మీద కూడా నిలబడ్డవాణ్ణి, పొడి ఇసుకలో పొన్ను దిగిపోతూనే ఉంది. మాస్టారు తూలబోతే అమ్మగారు జబ్బ పట్టుకున్నారు. నేను చెయ్యలేని పని ఆవిడ చేశారు. నీటి దగ్గరికి వెళ్ళేసరికి తడిసిన ఇసుక గట్టిగా ఉంది, అక్కడ నిలబడ్డాను. అల వచ్చి వెనక్కి పోతుంటే కాళ్ళ కింద ఇసుక లాగేసింది. అమ్మగారు చిన్నపిల్లలా కేకవేసి నవ్వారు. ఆవిడ నవ్వు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

అక్కడే ఒడ్డున ఉన్న కురుసుర సబ్‌మెరీన్ లోపలికి మాస్టారు ఒక్కరే వెళ్ళారు. నౌకాదళం 2001లో విశ్రాంతినిచ్చిన దాన్ని మరుసటి ఏడు ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. లోపల ఇరుకు ద్వారాలు కాబట్టి నన్ను అమ్మగారికి అప్పగించారు. మేమిద్దరం మురీమిక్చర్ బండి పక్కన కూర్చుని ఓడల దీపాలు లెక్కపెట్టుకున్నాం.

మాస్టారు వచ్చి డాల్ఫిన్స్ నోస్ వైపు నన్నే ఎత్తి చూపించారు. "ఆ కొండ చాటున హార్బరుంది. 1933లో తెరిచారు. మన రాయగడ మీంచి రాయపూర్ పోయే రైలు దారి అంతకు రెండేళ్ళ ముందే పూర్తయింది. లోపలి దేశాల మాంగనీసు ఈ రేవుకి దింపడానికే ఆ దారి. మా నాన్న పుట్టేనాటికి మన ఊరు విశాఖపట్నం జిల్లా, తెలుసా? 1936 ఏప్రిల్ ఒకటిన ఒరిస్సా వచ్చి కోరాపుట్ జిల్లా అయింది. 1992లో రాయగడ జిల్లా అయింది. ఊరు కదల్లేదు, చిరునామాలే మారాయి." అమ్మగారు అన్నారు, "అయితే మనం సుట్టాలింటికే వచ్చేం."

మర్నాడు తెల్లవారుజామున సూర్యోదయానికి వెళ్ళాం. అమ్మగారు దోసిట్లోకి నీళ్ళు తీసుకుని అడిగారు, "ఇందులో మన ఏటి నీళ్ళు కూడా ఉంటాయంటారా?" మాస్టారు నవ్వి ఊరుకోలేదు. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుందనీ, వానాకాలం వెళ్ళాక ఈ నెలల్లో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుందనీ, నదుల నీళ్ళని అదే ఇటు తీసుకొస్తుందనీ చెప్పారు. "ఉంటాయి" అన్నారు. ఆవిడ ఆ నీళ్ళు కళ్ళకద్దుకున్నారు. ఈ సముద్రం ఒకసారి మా గడపకీ వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వంశధార పొంగి గుణుపురం వైపు ఊళ్ళని ముంచింది. ఆ రాత్రి మా పెంకులు ఎగిరిపోతుంటే ఆవిడ నన్ను తలుపుకి అడ్డుగా పెట్టారు. అలాంటి సముద్రానికి ఆవిడ దణ్ణం పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత రుషికొండ బీచికి వెళ్ళాం గాని, ఎక్కువసేపు ఉండలేదు. తీరం శుభ్రంగా ఉంది, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది కూడా, కానీ ఎండెక్కింది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఆగాం. వేల ఏళ్ళ కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి తెచ్చి పోస్తే, అందులోని ఇనుము తుప్పెక్కి ఎర్రబడిన దిబ్బలవి. వానలకి కోసుకుపోయి లోయలయ్యాయి. గట్టిగా పొడిస్తే రాలిపోయే మట్టి. అక్కడ మాస్టారు నన్ను నేలకి ఆనించలేదు, చంకలో పెట్టుకుని, అమ్మగారి భుజం పట్టుకుని నడిచారు. ఎవరో కుర్రాళ్ళు దిబ్బ గోడ మీద పేర్లు చెక్కుతుంటే, "వద్దు నాయనా, ఇది మళ్ళీ పుట్టదు" అన్నారు. ఆపేశారు వాళ్ళు.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూశాం. ఎక్కడో ఐరోపాలో పుట్టి, బట్టల వ్యాపారానికి ఈ రేవుకి వచ్చి, ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళు. అక్కణ్ణుంచి గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి వెళ్ళి, చీకటి పడేదాకా కూర్చున్నాం.

ఇంటికొచ్చాక నా పొన్నుకి ఉప్పుతుప్పు పట్టింది. మాస్టారు కొబ్బరినూనె రాసి తుడిచారు. అమ్మగారు వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ సముద్రం సంగతి చెబుతున్నారు.

మీకు ఒక్క మాట. మా వైపు నుంచి గానీ, ఏ కొండ ఊరి నుంచి గానీ మీ పెద్దవాళ్ళని విశాఖ ఆసుపత్రికి తీసుకొస్తే, తిరుగు రైలు ఎక్కించే ముందు ఒక్క సాయంత్రం ఆ గుట్ట దింపి ఒడ్డుకి తీసుకెళ్ళండి. పొడి ఇసుకలో చేతికర్రని నమ్మొద్దు, మీ చెయ్యి ఇవ్వండి. లోతుకి వెళ్ళనివ్వకండి, అక్కడ లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. పాదాలు తడిస్తే చాలు.