యూనిఫాం మాది, చలి మీది

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అని ఓ చిన్న రాష్ట్రం. అక్కడి కార్ల నంబర్ ప్లేట్ల మీద ‘స్వేచ్ఛగా బతుకు, లేదా చావు’ అని రాసి ఉంటుంది. జార్జ్ మేనార్డ్ అనే పౌరుడు అది తన విశ్వాసానికి విరుద్ధమని దాన్ని కప్పేశాడు. జరిమానా వేస్తే కట్టనన్నాడు. స్వేచ్ఛగా బతకమన్న నినాదం కనబడకుండా చేసిన నేరానికి పదిహేను రోజులు జైల్లో కూర్చోబెట్టారు. ఇష్టంలేని నినాదాన్ని మోయమని పౌరుణ్ణి బలవంతపెట్టకూడదని చెప్పడానికి 1977లో ఏకంగా దేశ సుప్రీంకోర్టే దిగిరావాల్సి వచ్చింది.

సర్కారు ఇంత తిక్కగా ఉన్నచోట సర్కారంటే గిట్టనివాళ్లు చేరడం న్యాయమే. 2001లో జేసన్ సోరెన్స్ అనే పరిశోధక విద్యార్థి ఓ ఉపాయం చెప్పాడు. సర్కారు జోక్యం వద్దనే లిబర్టేరియన్లు ఇరవై వేలమంది ఒకే రాష్ట్రానికి మకాం మారిస్తే ప్రభుత్వాన్ని అరచేతిలో ఇమిడేంత చేయొచ్చని. ఈ ఉపాయానికి సరేనన్నవాళ్లు 2003లో ఓటేసి న్యూ హాంప్‌షైర్‌ను ఎంచుకున్నారు. జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, అమ్మకం పన్ను లేదు, పెద్దలు కారులో సీటు బెల్టు పెట్టుకోవాలన్న చట్టమూ లేదు. స్వర్గమే! కాకపోతే అక్కడి నాషువా ఊళ్లో ఇల్లు కొనుక్కున్న మన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లను అడిగితే ఇంటి పన్ను బిల్లు తీసి చూపిస్తారు. ఇంకో విశేషం, అక్కడ మందు షాపులు నడిపేది ప్రభుత్వమే. 2019 నుంచి 2024 దాకా ఆంధ్రలో సర్కారు మందు తాగినవారికి ఇందులో వింతేమీ కనబడదు.

పన్ను అంటే దొంగతనమన్నది లిబర్టేరియన్లు తరచూ అనే మాట. సంపాదన మీద పన్ను వెట్టిచాకిరీతో సమానమని 1974లోనే రాబర్ట్ నోజిక్ అనే తత్వవేత్త వాదించాడు. ఆయన కూడా దొంగల నుంచి కాపాడే కాపలాదారుగా ప్రభుత్వం ఉంటే చాలన్నాడే గాని, కాపలాదారే వద్దనలేదు.

న్యూ హాంప్‌షైర్‌లోని క్రోయ్‌డన్ అనే ఊరు ఆయన్ను మించిపోయింది. జనాభా దాదాపు ఎనిమిది వందలు. పోలీసు శాఖ మొత్తానికి మనిషి ఒక్కడే, చీఫూ ఆయనే, కానిస్టేబులూ ఆయనే. 2020 ఫిబ్రవరిలో ఊరి పాలకులు ఆ శాఖను ఎత్తేసి, యూనిఫాం, తాళాలు ఇప్పుడే ఇచ్చేయమన్నారు. చీఫ్ క్రమశిక్షణ గలవాడు. అక్కడికక్కడే యూనిఫాం విప్పి అప్పగించి, చెడ్డీతో మంచులో ఇంటిదారి పట్టాడు. ప్రజల సొమ్ము ప్రజలకు చేరింది. ఒంటిమీద మిగిలిందంతా ప్రైవేటు ఆస్తి. ఇంతకంటే స్వచ్ఛమైన లిబర్టేరియన్ దృశ్యం ఏ పుస్తకంలోనూ దొరకదు.

మరి దొంగ పడితే? రాష్ట్ర పోలీసులొస్తారు. వాళ్ల జీతాలు? రాష్ట్రంలోని మిగతా ఊళ్లు కూడా కడతాయి. తమ జేబులోంచి పోతే దొంగతనం, పక్కవాడి జేబులోంచి వస్తే పొదుపు.

పోలీసు తర్వాత బడి వంతు వచ్చింది. 2022 మార్చిలో ఊరి వార్షిక సభ. బయట మంచు, లోపల జనం పలచన. పదిహేడు లక్షల డాలర్ల బడి బడ్జెట్‌ను ఎనిమిది లక్షలకు కోయాలని ఊరి పాలకుల్లో ఒకాయన లేచి ప్రతిపాదించాడు. ఆయన ఈ లిబర్టేరియన్ ఉద్యమం మనిషే. అనుకూలం ఇరవై, వ్యతిరేకం పద్నాలుగు. అయిపోయింది! ఊళ్లో ఉన్నది చిన్న బడి. పై తరగతులకు ఫీజు కట్టి పక్కూళ్లకు పంపాలి. తగ్గిన సొమ్ము చాలకపోతే మిగతాది తల్లిదండ్రులే సొంతంగా చూసుకోవాలన్నమాట. వ్యక్తి హక్కుల్లో ఇదొకటి కొత్తగా చేరింది.

అప్పుడు నిద్రలేచింది ఊరు. డెమోక్రాట్లూ రిపబ్లికన్లూ పార్టీ గొడవలు పక్కనబెట్టి ఇల్లిల్లూ తిరిగారు. పాత నిర్ణయం మార్చాలంటే ఓటర్లలో సగంమంది సభకు రావాలి. అంటే 283 మంది. మే 7న 379 మంది వచ్చారు. బడ్జెట్ తిరిగి నిలబెట్టాలన్నవారు 377, వద్దన్నవారు ఇద్దరు.

ఇక్కడ లిబర్టేరియన్లను తిట్టి ప్రయోజనం లేదు. వాళ్లు చలిలో సభకు వచ్చారు, చెయ్యెత్తారు, లెక్క ప్రకారం గెలిచారు. బడిని కోసింది ఆ ఇరవైమంది ఓట్లే కాదు, ఇంట్లో వెచ్చగా కూర్చున్న వందలమంది గైర్హాజరు కూడా. పన్నులన్నీ రద్దు చేసుకున్నా ఒక్క పన్ను మాత్రం ఎవరికీ తప్పదు, సభకు వెళ్లి కూర్చోవడం.

మీ ఊళ్లో గ్రామసభ అని చాటింపు వేస్తే ఈసారి పనులు వాయిదా వేసుకునైనా వెళ్లండి. మీరు వెళ్లకపోయినా సభ ఆగదు. అక్కడ ఇరవైమంది ఉంటారు.