ఖాళీ కంచం

మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్లం ఉగాదికి కవితల పోటీ పెట్టాం. రాసినవాళ్ల పేర్లు దాచిపెట్టి తీర్పు చెప్పాలని నియమం. ఏడు చేపల కథ మీద వచ్చిన ‘ఖాళీ కంచం’ మొదటి బహుమతి గెలుచుకుంది.

అందులో మాట్లాడేది పశువుల కాపరి. అన్నం ఎందుకు పెట్టలేదని ఇంట్లోవాళ్లను అడిగారు, పసివాణ్ని అడిగారు, చీమ దాకా వెళ్లి అడిగారు. కాపరికి ఇంత అన్నం పెట్టమని మాత్రం ఒక్కరూ అనలేదు. అదీ కవిత.

న్యాయనిర్ణేత మా అసోసియేషన్ ప్రెసిడెంటు గారు. ఫ్రాయిడ్‌ను శ్రద్ధగా చదివిన మనిషి. పసిమనసులోని భయాలూ కోరికలూ జానపద కథల్లో మారువేషంలో తిరుగుతాయని బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో పెద్ద పుస్తకమే రాశాడని చెప్పి, కవితను విప్పడం మొదలుపెట్టారు.

“ఎండని చేప అంటే అణచినా చావని కోరిక. చీమలపుట్ట తల్లి గర్భం. ఖాళీ కంచం తల్లి మాన్పించిన చనుబాలు. పసివాడు ఏడ్చినందుకు కాపరికి అన్నం దక్కలేదంటే, అది తమ్ముడి మీద అన్నకుండే అసూయ.”

ముందు వరుసలోంచి ఓ రిటైర్డ్ టీచరమ్మ లేచారు.

“ఫ్రాయిడ్ చిన్నకూతురు అన్నాకు 19 నెలలప్పుడు వాంతులయ్యాయని రోజంతా పస్తు పెట్టారు. ఆ రాత్రి పిల్ల నిద్రలో స్ట్రాబెర్రీలు, ఆమ్లెట్ అని కలవరించింది. కలల మీద రాసిన పుస్తకంలో ఆయనే చెప్పాడు. అక్కడ గూఢార్థం ఏమీ లేదు, పిల్లకు ఆకలేసింది. ఈ కాపరిదీ అంతే కదండీ?”

“పసిపిల్లల సంగతి అంతేనమ్మా. పెద్దవాళ్ల కోరిక ముసుగేసుకుని వస్తుంది. కవినే అడుగుదాం. ఏ చిన్ననాటి గాయం ఇది రాయించిందో ఆయనే వచ్చి చెప్పాలి” అన్నారు ప్రెసిడెంటు గారు.

తలుపు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ గార్డు టోపీ తీసి ముందుకొచ్చాడు. కదిరి దగ్గర పల్లె అతనిది.

“చిన్ననాటిది కాదు సార్, ఇప్పటిదే. మూడు నెలలుగా మాకు జీతాలు పడలేదు. ఎందుకని సూపర్‌వైజర్‌ను అడిగితే ఏజెన్సీ ఇవ్వలేదన్నాడు. ఏజెన్సీని అడిగితే అసోసియేషన్ నుంచి డబ్బు రాలేదన్నారు. అసోసియేషన్ అకౌంటెంటును అడిగితే చెక్కు మీద సంతకం కాలేదన్నాడు. ఆ సంతకం పెట్టాల్సింది మీరే సార్.”