ప్లస్ ఐదు, ప్లస్ మూడు, మైనస్ మనం

ముదినేపల్లి పక్క బోరు వేస్తే ఉప్పునీళ్లు. ఈ ముక్క చెప్పడానికి భూగర్భ శాస్త్రవేత్త దిగిరానక్కర్లేదు. బోరు వేయించి చేతులు కాల్చుకున్న ఏ రైతునడిగినా చెబుతాడు. ఎందుకు ఉప్పన? ఒకప్పుడు ఇదంతా సముద్రం కాబట్టి. ఆరువేల ఏళ్ల కిందట కొల్లేరు కడలి ఒడ్డున ఉన్న ఉప్పుకయ్య. కృష్ణా గోదావరులు ఒండ్రు మోసుకొచ్చి సముద్రాన్ని వెనక్కి నెట్టాయి. డెల్టా లోతుల్లోంచి మట్టి తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టండి. ఇసుక రేణువంతేసి గుల్లలు కనిపిస్తాయి. ఫొరామినిఫెరా అంటారు. పాత యజమాని వదిలివెళ్లిన సామాను. మన దగ్గర పట్టా ఉందంటారా? సముద్రం పట్టాలు చూస్తుందా?

ఆ ఒండ్రు ఇప్పుడేదీ? శ్రీశైలం, నాగార్జునసాగర్ అడుగున పేరుకుంటోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో లెక్క తేల్చింది. 1966-69 మధ్య ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చిన కృష్ణమ్మ, 2000-05 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. ఒండ్రు అందని తీరాన్ని అలలు కోసుకుపోతున్నాయి. సముద్రమట్టం 0.59 మీటర్లు పెరిగితే రాష్ట్ర తీరంలో 565 చదరపు కిలోమీటర్లు మునుగుతాయని ఆయన బృందమే 2008లో హెచ్చరించింది.

మరి ఏలినవారేం చేశారు? అదే 2008లో అసెంబ్లీలో ఏకగ్రీవంగా తీర్మానించారు. కొల్లేరు అభయారణ్యాన్ని ప్లస్ ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) నుంచి మూడుకు కుదించాలట! నీళ్లు పైకొస్తాయని పండితులు మొత్తుకుంటుంటే, మనవాళ్లు గీత కిందికి దించమన్నారు. మంచినీళ్ల మీద కూడా కొట్టుకునే పార్టీలు దీని దగ్గర మాత్రం భాయీ భాయీ! 1999లో ప్లస్ ఐదు అని జీవో ఇచ్చిందెవరు? ప్రభుత్వం. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ అని సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టించిందెవరు? అదీ ప్రభుత్వమే. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపు వద్దంది. గట్లేమో మళ్లీ లేచాయి. అడిగితే ‘పేద మత్స్యకారుల జీవనోపాధి’ అంటారు. పొక్లెయిన్లు పేదవాళ్లవా బాబూ?

2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచింది. అందరూ బుడమేరును తిట్టారు. ఆ నీళ్లు చేరాల్సింది కొల్లేరుకి. కొల్లేట్లోంచి సముద్రానికి ఉప్పుటేరొక్కటే దారి. దానికి గుర్రపుడెక్క అడ్డం, ఆక్రమణలు అడ్డం. దారి మూసినవాడే దొంగ దొంగ అని అరిస్తే ఎలా?

ఏటా నవంబరు 19 వస్తే దివిసీమలో దండలు, మౌనాలు. 1977 ఉప్పెనలో పోయింది వేలమంది. 1864లో బందరులో ముప్పైవేల మంది. మౌనం రెండు నిమిషాలు. ఆ మర్నాడు మడ అడవుల పక్కన ఇంకో రొయ్యల చెరువు. అన్నట్టు, బందరు పోర్టుకు 2008లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఒకటి, మూడు శంకుస్థాపనలు. రేపెవరైనా తవ్వితే కింది పొరలో గుల్లలు, పై పొరలో శిలాఫలకాలు. వయసు కట్టడం మహా తేలిక, తేదీలు వాటిమీదే ఉంటాయి.

వచ్చే సమావేశాల్లో ఇంకో తీర్మానం పెట్టండి సార్. బంగాళాఖాతం రెండు మెట్లు దిగాలని. ప్రతిపక్షం కూడా బల్ల చరుస్తుంది. ఓ కాపీ ఉప్పుటేరు మొగ దగ్గర అంటించండి. పోటు వేళకి సముద్రమే వచ్చి చదువుకుంటుంది.