ల్యాప్‌టాప్ కొంటున్నారా? ముందు ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టండి

ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నానని ఎవరితోనైనా అని చూడండి, అందరూ ఒకటే పాఠం అప్పజెబుతారు. పద్నాలుగు అంగుళాలది తీసుకో, తేలిగ్గా ఉంటుంది, బ్యాగులో పడుతుంది, ఛార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుంది. మరీ ముచ్చటపడితే 15.6 తీసుకో, ఆపైన వద్దు. ఈ సలహా ఇచ్చేవాళ్ళ మనసులో ఎప్పుడూ ఒంటరి మనిషే ఉంటాడు. ఏ కాఫీ షాపులోనో మూల టేబుల్ దగ్గర కూర్చుని ఒక్కడే టైపు చేసుకునే మనిషి. మన ఇళ్ళలో ల్యాప్‌టాప్ ముందు ఒక్కరే కూర్చోవడం ఎప్పుడు చూశాం? డాలస్ నుంచి కూతురు వీడియో కాల్ చేస్తే అమ్మ కుర్చీలో, నాన్న మంచం అంచున, అన్నయ్య నిలబడి, పక్కింటి పిన్నిగారు గుమ్మంలోంచే తొంగిచూస్తూ ఉంటారు. పెళ్ళి ఫొటోలు ఆల్బమ్‌కి ఎంచుకునే రోజున ఇల్లంతా అక్కడే ఉంటుంది. పిల్లవాడి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కాలేజీల వరుస పెట్టేటప్పుడు మేనమామ కూడా దిగుతాడు. ఇంతమందికి పద్నాలుగు అంగుళాల తెర పెడితే ఒకరు చూస్తారు, మిగతావాళ్ళు ఏం కనబడిందో అడిగి తెలుసుకుంటారు. ఇంట్లో పెద్దవాళ్ళని అలా అడిగే స్థితిలో ఉంచడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

అందుకని నా సలహా సూటిగా చెబుతాను. అంగట్లో దొరికినంతలో పెద్ద తెర ఉన్నదే కొనండి. ఇంట్లో ఇద్దరుంటే 17.3 అంగుళాలకు తగ్గకండి. ముగ్గురూ ఆపైన అయితే 18 చూడండి. ఒంటరిగా ఉండే బ్రహ్మచారి కూడా 17కి తగ్గకూడదు, రేపు పెళ్ళవుతుంది, ల్యాప్‌టాప్ నాలుగైదేళ్ళు ఉండేది.

అంగుళాల దగ్గర చాలామంది మోసపోతున్నారు. పద్నాలుగుకీ పదిహేడుకీ తేడా మూడే కదా అనుకుంటారు. తెర కొలత ఐమూలగా తీస్తారు, మన కంటికి అందేది మాత్రం దాని వైశాల్యం. 16:9 నిష్పత్తిలో ఉన్న 14 అంగుళాల తెర వెడల్పు 12.2 అంగుళాలు, ఎత్తు 6.9. అంటే దాదాపు 84 చదరపు అంగుళాలు. 17.3 తెర వెడల్పు 15.1, ఎత్తు 8.5. వైశాల్యం 128. సగానికి పైగా పెరిగిపోయింది! ఇప్పుడొస్తున్న 18 అంగుళాల తెరలు 16:10 నిష్పత్తిలో కాస్త పొడుగ్గా ఉంటాయి, వాటి వైశాల్యం 145 దాటుతుంది. లెక్కలు నచ్చనివాళ్ళు పాత దినపత్రికలోంచి ఈ మూడు కొలతలకీ మూడు కాగితాలు కత్తిరించి గోడకి అంటించండి. ఇంట్లో అందరినీ తమ తమ చోట్ల కూర్చోబెట్టి, ఏది కావాలో అడగండి. చిన్న కాగితం చూపించే మనిషి నాకు ఇంతవరకూ తగల్లేదు.

నేను పత్రికలకు పేజీలు పెట్టే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి తెలుగు అక్షరం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లీషు అక్షరం ఒక గీత మీద నిలబడి ఊరుకుంటుంది. మనది అలా కాదు. పైన తలకట్టో గుడో, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి అన్న మాటలు చిన్న తెర మీద ఎంతగా నలిగిపోతాయో చూడండి. 'ధ'కీ 'థ'కీ మధ్య తేడా పొట్టలో ఉన్న ఒక్క చుక్క. 'ప'కి కింద చిన్న గీత పెడితే 'ఫ'. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళకి ఆ చుక్కా గీతా రెండూ కనబడవు, ఊహించి చదువుకుంటారు. అక్షరాల సైజు పెంచుకోవచ్చు కదా అంటారు. పెంచుకోవచ్చు. 1920 బై 1080 తెరని విండోస్‌లో 150 శాతానికి పెంచితే మిగిలేది 1280 బై 720 అంత చోటు. అక్షరం పెరిగింది, పేజీ తగ్గింది. ఆ చోటుని డబ్బు పెట్టి కొనేసి మళ్ళీ వదులుకోవడం ఎందుకు?

దుకాణానికి వెళ్ళినప్పుడు ఈ పరీక్ష తప్పకుండా చెయ్యండి. అక్కడ పెట్టిన మిషన్‌లో ఒక తెలుగు దినపత్రిక తెరిపించండి, చెయ్యి చాచినంత దూరంలో నిలబడి చదవండి. తర్వాత మీతో వచ్చినవాళ్ళని ఒకరిని ఎడమకి, ఒకరిని కుడికి, బాగా పక్కకి నిలబెట్టి చదివించండి. టీఎన్ రకం ప్యానెల్ అయితే పక్కనుంచి రంగులు మారిపోతాయి, మనిషి ముఖం నల్లబడుతుంది. ఐపీఎస్ ప్యానెల్ అయితే పక్కవాళ్ళకి కూడా దాదాపు అంతే కనబడుతుంది. వెలుగు 300 నిట్స్‌కి తగ్గకుండా చూసుకోండి. నిగనిగలాడే తెర వద్దు, మన హాల్లో కిటికీ, ట్యూబ్‌లైటు, దేవుడి పటం దగ్గర వెలిగే బల్బు అన్నీ అందులోనే కనబడతాయి. రంగుల దగ్గర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే పెళ్ళిచీరల రంగులు చూసుకోవడానికి పనికిరాదని అర్థం. ఆ ఎరుపు మీ ఇంట్లోవాళ్ళు కొన్న ఎరుపు కాదు.

ఇవన్నీ పెట్టుకుంటే ధర పెరుగుతుంది. అప్పుడు ఏం తగ్గించాలి? ప్రాసెసర్ తగ్గించండి. ఒక మెట్టు తక్కువది తీసుకుంటే ఫైలు తెరుచుకోవడానికి రెండు క్షణాలు ఆలస్యమవుతుంది, ఆ రెండు క్షణాలూ ఎవరికీ అడ్డం రావు. అదనపు స్లాటు ఉన్న మిషన్ అయితే ర్యామ్ తర్వాత వేసుకోవచ్చు, స్టోరేజీ మార్చుకోవచ్చు. తెరని మాత్రం మళ్ళీ పెంచుకోలేం. డబ్బంతా దాని మీదే పెట్టండి.

ఇక బరువు. అందరూ భయపెట్టేది దీంతోనే. 17.3 అంగుళాల గేమింగ్ రకం మిషన్లు రెండున్నర నుంచి మూడు కిలోలు ఉంటాయి, 18 అంగుళాలవి మూడు దాటుతాయి. 330 వాట్ల అడాప్టరైతే అదే ఒక కిలో దాకా తూగుతుంది. అయితే ఏమైంది? 1981లో వచ్చిన ఆస్‌బోర్న్ 1 పదకొండు కిలోల బరువు, దాని తెర ఐదంటే ఐదు అంగుళాలు. ఆ రోజుల్లో దాన్నే మోసుకుని తిరిగే కంప్యూటర్ అన్నారు, మనుషులు కొన్నారు, మోశారు. అందులో మూడోవంతు బరువుకి మూడు రెట్లకు పైగా పొడుగున్న తెర ఇస్తుంటే మనం భుజం నొప్పి అంటున్నాం. ఒక బియ్యం బస్తాని బస్సు టాపు మీద నుంచి దించుకొచ్చిన వాళ్ళ పిల్లలం.

అసలు బరువు వల్ల మేలే జరుగుతుంది. బరువైన ల్యాప్‌టాప్ ఇంట్లో ఒక చోట స్థిరంగా ఉంటుంది. పిల్లవాడు దాన్ని దుప్పట్లోకి లాక్కెళ్ళి అర్ధరాత్రి దాకా చూడలేడు. మంచం మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద పెట్టుకోలేడు. బంధువులు వారం రోజులకి అడిగి పట్టుకుపోరు. ఇంజనీరింగ్‌లో చేరే పిల్లలకి కూడా ఇదే చెబుతాను. క్లాసుకి ల్యాప్‌టాప్ మోయాల్సిన పని లేదు, కాలేజీ ల్యాబుల్లో కంప్యూటర్లున్నాయి, నోట్సుకి పుస్తకం చాలు. హాస్టల్ గదిలో టేబుల్ మీద పెద్దది ఉంటే నలుగురూ ఒకే ప్రోగ్రామ్‌ని చూస్తూ తప్పు ఎక్కడుందో వెతుక్కుంటారు. నలుగురి దగ్గరా నాలుగు చిన్నవి ఉంటే నాలుగు మూలలకి పోతారు. ఈ ఒక్క విషయం గురించి తల్లిదండ్రులు గట్టిగా ఆలోచించాలని నా మనవి.

బరువు మోయలేని ఆరోగ్యం ఉన్నవాళ్ళకి వేరే దారి ఉంది. ఎల్‌జీ సంస్థ గ్రామ్ 17 అనే ల్యాప్‌టాప్‌ని 2019లో తెచ్చింది. తెర 17 అంగుళాలు, బరువు 1.34 కిలోలు. చాలా 14 అంగుళాల మిషన్లు కూడా అంతే బరువుంటాయి. ధర ఎక్కువే, ఇచ్చేయండి.

బ్యాగు విషయంలో దిగులు పడకండి. బజార్లో అమ్మేవాటిలో చాలావరకు 15.6 కొలతకి కుట్టినవే. 17.3 ల్యాప్‌టాప్ వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు, వాటిలో జిప్పు పడదు. బ్యాగుల జిప్పులు మార్చే దుకాణం ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. మిషన్‌ని అక్కడికే తీసుకెళ్ళి కొలత ఇచ్చి, లోపల స్పాంజి వేయించి, దళసరి కాన్వాసుతో కుట్టించుకోండి. అడాప్టరుకి పక్కన వేరే జేబు పెట్టించండి, లేకపోతే అది తెర మూత మీద ఒత్తుకుంటుంది.

విమానంలో వెళ్ళేవాళ్ళు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. వంద వాట్ అవర్ల వరకు ఉన్న బ్యాటరీని మామూలుగా అనుమతిస్తారు, అందుకే పెద్ద మిషన్లు చేసే సంస్థలు 99 దగ్గర ఆగిపోతాయి. కాబట్టి ఎంత పెద్దది కొన్నా బ్యాటరీ పేరు చెప్పి ఆపరు. మన దేశీయ విమానాల్లో చేతిసామానుకి మామూలుగా ఏడు కిలోలు ఇస్తారు. ల్యాప్‌టాప్, అడాప్టరు కలిసి నాలుగు తీసేసుకున్నా ఇంకా మూడు మిగులుతాయి, మందులు, కళ్ళజోడు, ఒక జత బట్టలకి చాలు. పచ్చళ్ళు కింద సామాన్లలో వేసెయ్యండి. అమెరికా నుంచి అబ్బాయి తెస్తానంటే పెద్దదే తెమ్మనండి. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్‌ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, ఆ నిబంధనలో తెర ఇంతే ఉండాలని ఎక్కడా లేదు. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో మాత్రం కొనకముందే కనుక్కోమని చెప్పండి.

ఛార్జింగ్ తొందరగా అయిపోతుందన్న మాట నిజమే. పెద్ద తెరకి కరెంటు ఎక్కువ కావాలి. ప్లగ్ పక్కనే కూర్చోండి. మన ఇళ్ళలో టేబుల్ ఎక్కడ వేయాలో నిర్ణయించేది ఎలాగూ ప్లగ్గే. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచితే బ్యాటరీ నిండుగా, వేడిగా ఉండి తొందరగా ముసలిదవుతుంది. దాదాపు అన్ని సంస్థలూ ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఇస్తున్నాయి, కొన్న రోజే అది ఆన్ చేయించండి. దుకాణంలో ఎవరూ తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి.

చిన్న ల్యాప్‌టాప్ కొని దానికి 24 అంగుళాల మానిటర్ తగిలించుకోవచ్చు కదా అని చదువుకున్నవాళ్ళు వాదిస్తారు. ఆ వాదన నేను ఒప్పుకోను. కరెంటు పోయిందంటే మానిటర్ ఆరిపోతుంది, మీ చేతిలో మళ్ళీ చిన్న తెరే. మాట్లాడుతున్న మనవరాలు సగం మాటలో మాయమైపోతుంది. ఇంకొందరు టీవీకి కలపమంటారు. రాత్రి ఏడు నుంచి పది దాకా ఇంట్లో టీవీ మీకు ఎవరిస్తారు?

దుకాణాల సంగతి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, ఆ చుట్టుపక్కల గల్లీలన్నీ కంప్యూటర్ దుకాణాలే. అక్కడైనా ఇంకెక్కడైనా 17.3 అడిగితే మొదట వచ్చే జవాబు ఒకటే. "సార్, సెవెంటీన్ ఎవ్వరూ తీస్కుంటలేరు సార్, ఫిఫ్టీన్ పాయింట్ సిక్స్ చాలు, ఫాస్ట్ మూవింగ్." తగ్గకండి. "తెప్పించు తమ్ముడూ, ఎన్ని రోజులైనా ఆగుతా" అనండి. అడ్వాన్సు ఇస్తానంటే తెప్పిస్తారు. మనం అడగకపోవడం వల్లే వాళ్ళు తెప్పించడం మానేశారు, వాళ్ళు తెప్పించకపోవడం వల్ల సంస్థలు చేయడం తగ్గించాయి.

ఈ తగ్గింపే నన్ను బాధపెడుతుంది. యాపిల్ 2003 జనవరిలో 17 అంగుళాల పవర్‌బుక్ తెచ్చింది. పేజీలు పెట్టేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? రెండు పేజీలు పక్కపక్కన తెరిచి, పక్కన పనిముట్ల పట్టీలు కూడా పెట్టుకోవచ్చు. 2012లో ఆ కొలతని మానేశారు. ఏడేళ్ళ తర్వాత 16 ఇచ్చారు, పదిహేడు మళ్ళీ రానేలేదు. డెల్ 2006లో ఎక్స్‌పీఎస్ ఎం2010 అని ఇరవై అంగుళాల తెరతో, చేతిపిడితో సూట్‌కేసులా మోసుకెళ్ళేది చేసింది. కీబోర్డు ఊడదీసి ఒళ్ళో పెట్టుకోవచ్చు, తెర అందరికీ కనబడేలా బల్ల మీద ఉంటుంది. ఎనిమిది కిలోలు ఉందని జనం నవ్వారు. కుటుంబం కోసం ఇంత ఆలోచించి చేసిన ల్యాప్‌టాప్ ఇంకొకటి నాకు తెలియదు. 2017లో ఏసర్ 21 అంగుళాల వంపు తెరతో ప్రిడేటర్ 21 ఎక్స్ తెచ్చింది, దాని ధర మామూలు మనిషికి అందేది కాదు. వీటి దారిలో ఇంకెవరైనా వచ్చి, ఇరవై అంగుళాలని అందుబాటు ధరకి చేస్తారని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. అప్పటిదాకా 18 తీసుకోండి.

చిన్న వ్యాపారం ఉన్నవాళ్ళకి ఒక మాట. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్ళకి కుడిపక్క అంకెల మీటలు విడిగా ఉండి తీరాలి. పద్నాలుగు అంగుళాల వాటిలో సాధారణంగా అవి ఉండవు, పదిహేడులో ఇరుకు లేకుండా ఉంటాయి.

కొన్నాక జాగ్రత్త ఒక్కటే, మూత. పెద్ద మూతని ఒక మూల పట్టుకుని ఎత్తితే మెలితిరిగి కీలు వదులవుతుంది. పైఅంచు మధ్యలో పట్టుకుని నెమ్మదిగా తెరవాలి, మూసేటప్పుడూ అంతే. ఇంట్లో పిల్లలకి మొదటి రోజే చూపించండి. కొన్నేళ్ళకి కీలు విరిగిందనుకోండి, బాగుచేయించడానికి ఎక్కువ అడిగితే పారేయకండి. వెనక గోడకి ఆనించి, తెర జారకుండా కింద చెక్క పీట అడ్డం పెట్టి, తెరిచే ఉంచేయండి. లోపల తెరకి వెళ్ళే వైరు తెగకుండా ఉన్నంతకాలం పని జరుగుతుంది, అందరికీ కనబడుతుంది.