సర్వరు పోలేదు బావూ!

మా రోజుల్లో సంతకం ఎక్కడ ఆగిందో అందరికీ తెలిసేది. గుమస్తా ఫైలు పెడితే తాసిల్దారుగారు చదివి ఆకుపచ్చ సిరాతో సంతకం చేసేవారు, బంట్రోతు రౌండ్ సీలు కొట్టేవాడు. అనుమానం వస్తే “అడంగల్లో తండ్రి పేరు వేరేగా ఉందేం?” అని ముఖమ్మీదే అడిగేవారు. ఆయన క్యాంపుకెళ్తే పని ఆగేది, కాళ్లరిగేలా తిరిగినవాళ్లూ ఉన్నారు, కాదనను. అయినా తిరిగేవాడికి కారణం తెలుసు.

ఇప్పుడు జూన్‌లో సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లాలో ఏ మండలాఫీసుకైనా వెళ్లి చూడండి. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం వచ్చిన తల్లిదండ్రులు వరండా నిండా ఉంటారు. 2011లో మీసేవ వచ్చింది, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. మందస కొండల్లోని సవర గూడేల వాళ్లకు దరఖాస్తు పెట్టడం సులువైంది, దానికి నాకు సంతోషమే. కానీ ఆ దరఖాస్తు చివరికి చేరేది అధికారి డిజిటల్ సంతకం ఉండే చిన్న పరికరం, డాంగిల్ దగ్గరికే. మొన్న ఒక ఆఫీసులో చూశాను. సంతకం బటన్ నొక్కారు, బ్రౌజరు తెల్లబోయింది, చక్రం తిరుగుతూనే ఉంది. ఆపరేటరు కుర్రాడు తల పైకెత్తకుండానే “సర్వరు హేంగయిపోనాది అప్పా, రేపు రా” అన్నాడు.

“నిన్నా అదే సెప్పినావు గదా బావూ! కూలి మానుకుని వచ్చినాను” అంది వరండాలోని ఒక తల్లి.

సర్వరుకు ఏమీ కాలేదు. డాంగిల్ పిన్ అడిగే చిన్న పెట్టె బ్రౌజరు వెనకాల తెరుచుకుని కూర్చుంది. దానికి జవాబు వచ్చేదాకా బ్రౌజరు ముందుకు కదలదు. ఆల్ట్ నొక్కి పట్టి ట్యాబ్ కొడితే ఆ పెట్టె బయటపడింది. పిన్ కొట్టారు, సంతకం పడింది. ఆ రెండు మీటలు తెలియక ఆ తల్లి రెండు రోజుల కూలి పోగొట్టుకుంది.

ఇలా ఎందుకవుతుందో ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు, తప్పు అక్కడుంది. పిన్ అడిగేది బ్రౌజరు కాదు, డాంగిల్‌తో వచ్చిన వేరే సాఫ్ట్‌వేరు. మనం ఒక కిటికీలో పని చేస్తుంటే వేరే ప్రోగ్రాం చొరబడి ముందుకు రాకుండా విండోస్ అడ్డుకుంటుంది. ఆ నియమం మంచిదే. కానీ దానివల్ల ఈ పెట్టె కూడా వెనకే ఉండిపోతుంది, కింది పట్టీలో దాని గుర్తు మాత్రం మినుకుమంటుంది. ఒకప్పుడు ఈ సంతకాలు జావా ప్లగిన్ మీద నడిచేవి, దాని హెచ్చరికలూ ఇలాగే వెనక నక్కేవి. 2015 సెప్టెంబరులో క్రోమ్ ఆ పాత ప్లగిన్లను పూర్తిగా తీసేసింది, 2022 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ సెలవు తీసుకుంది. పెట్టె దాక్కోవడం మాత్రం పోలేదు.

కుర్రాళ్లు చేసేదేమంటే, పేజీ ఆగిందని సంతకం బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఒక పెట్టె వెనక ఇంకో పెట్టె చేరుతుంది. లేదా టాస్క్ మేనేజరులో బ్రౌజరును చంపేస్తారు. సంతకం సాఫ్ట్‌వేరు మాత్రం లోపల బతికే ఉండి డాంగిల్‌ని పట్టుకుని వదలదు, రెండోసారీ అదే తంతు. ముందు కింది పట్టీ చూడాలి, తర్వాత ఆల్ట్ ట్యాబ్. పెట్టె ఉన్నట్టు తెలిసినా తెరమీదికి రాకపోతే, దాన్ని ఎంచుకుని ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, ఎమ్ కొట్టి, బాణం మీటలతో లోపలికి లాక్కోవాలి. రెండో మానిటరు తీసేసిన చోట్ల ఇదే గతి. పిన్ మాత్రం ఊహించి కొట్టకూడదు. తప్పులు హద్దు దాటితే డాంగిల్ లాకైపోతుంది, అప్పుడు వరండాలో ఉన్నవాళ్లందరికీ నిజంగానే రేపు.

డబ్బు దగ్గర ఇది ఇంకా బాధ. ఉపాధి హామీ తొలి విడత 2006లో మొదలైన జిల్లాల్లో విజయనగరం ఒకటి, మా శ్రీకాకుళానికి మరుసటి ఏడు వచ్చింది. 15 రోజుల్లో కూలి ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. కూలి డబ్బు పంపే ఉత్తర్వుకు ఇద్దరి డిజిటల్ సంతకాలు పెట్టారు. ఇద్దరిలో ఒకరి పెట్టె దాక్కుంటే చెరువు గట్టున మట్టి మోసినవాళ్ల డబ్బు ఆ పూట కదలదు.

ఈ విసుగు భరించలేక కొందరు అధికారులు డాంగిల్, పిన్ రెండూ ఆపరేటరు చేతిలో పెట్టేస్తారు. పిన్ కాగితం ముక్క మీద రాసి డాంగిల్‌కే అంటించడమూ ఉంది. మా రోజుల్లో సీలు సొరుగులో పెట్టి తాళం వేసుకునేవారు. 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్ కూడా సంతకపు కీ ఎవరిదో వారే భద్రంగా చూసుకోవాలంటుంది. సంతకం చేసేవాడే చదవకపోతే రేపు ఎవరి భూమి ఎవరి పేరున పడుతుందో ఎవరు చెప్పగలరు?

అసలు పెట్టె వెనక దాక్కుంటే, దొంగ పెట్టె మాత్రం తెరంతా ఆక్రమించి ముందుకొస్తుంది. “మీ కంప్యూటరు లాకైంది, ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని సైరన్ మోగిస్తుంది. అది బ్రౌజరులో ఒక పేజీ, అంతే. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ పెట్టదు. ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టండి, ఆల్ట్ ఎఫ్4తో మూసేయండి. ఎవరైనా అప్పటికే డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. సంతకం బటన్ నొక్కగానే ఆ పేజీలోనే, తెలుగులో, పెద్ద అక్షరాలతో “పిన్ కోసం ఆగి ఉంది, వెనక పెట్టె చూడండి” అని రాయమనండి. జూన్ రాకముందే ప్రతి మండలాఫీసులో ఒక్క పూట కూర్చోబెట్టి ఆల్ట్ ట్యాబ్ నేర్పమనండి. వెనక పెట్టె ఉందేమో చూడకుండా “సర్వరు డౌన్” అనడానికి ఎవరికీ అధికారం ఉండకూడదు.