తొలికోడి పాలు

కంప్యూటర్ బాగా తెలిసినవాడినని ఊళ్ళో నాకో పేరు. ఆ పేరే నన్ను ముంచింది.

మా పల్లె పాల కేంద్రంలో లెక్కలు చూసేవాణ్ణి. ఎవరు పాలు పోసినా అక్కడి యంత్రం పక్కన పదంకెల సంఖ్యొకటి రాసుకుంటుంది. 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లవి. 86400తో భాగించి 25569 కలిపితే ఎక్సెల్‌లో తేదీ వచ్చేస్తుంది. ఆ సూత్రం పట్టుకుని కాలరెగరేశాను. ఆ అర్ధరాత్రి గ్రీనిచ్‌దనీ, అప్పుడు మనకు పొద్దున అయిదున్నర అనీ తట్టలేదు.

2023 నవంబరు 15 సాయంత్రం బిల్లులు కట్టేశాం. మర్నాడు సరిగ్గా అయిదింటికి ఒక అవ్వ అందరికంటే ముందొచ్చి పాలు పోసింది. సంఖ్య 1700091000. నా సూత్రం ప్రకారం అది 15వ తేదీ, రాత్రి పదకొండున్నర! తేదీ ఒక్కటే అచ్చు వేసేవాణ్ణి గనక ఆ వింత గంట కంటబడలేదు. పాలు మూసేసిన బిల్లులో పడ్డాయి, డబ్బు ఎటూ కాకుండా పోయింది.

తర్వాతి బిల్లు చేతికి రాగానే అవ్వ వచ్చింది.

"నాయనా, తొలికోడికి పోసిన పూట లేదే?"

"యంత్రం తప్పు చెయ్యదవ్వా."

"ఎనకాల పోసినోళ్ళకు బాగానే ఉండాది. చీకట్లో పోసినోళ్ళకే ఒక పూట తగ్గింది."

రోగమేదో ఆమే చెప్పేసింది. నేను వినలేదు. పైగా సూర్యోదయమైతేగానీ మనకు రోజు మారదని పంచాంగం తీశాను.

"అయితే నా దుడ్లు పంతులుకిచ్చినావా?"

ఆ రాత్రి నిద్రపట్టక కూర్చుంటే దొరికింది: అయిదున్నర గంటలు, అంటే 19800 సెకన్లు. కలిపాను, తేదీలు కుదిరాయి. అక్కడ ఆగినా పరువు దక్కేది. దిద్దిన తేదీలను మళ్ళీ సెకన్లుగా మార్చి దాచేటప్పుడు ఆ 19800 తీసెయ్యడం మరిచాను. మళ్ళీ తెరిస్తే సూత్రం ఇంకోసారి కలిపింది. ఈసారి సాయంత్రం ఆరున్నర దాటాక పోసిన పాలన్నీ రేపటి తేదీకి ఎగిరాయి. పొద్దున అవ్వ ఒక్కతే వచ్చింది, ఇప్పుడు సగం ఊరు వచ్చింది.

అవ్వకు రావలసింది ఆ తర్వాతి బిల్లులో కలిపి ఇచ్చాం. నా ఎదుటే నిలబడి రెండుసార్లు లెక్కపెట్టుకుంది.