పాసుపుస్తకానికి వీసా రాదు

కడప జిల్లా వేంపల్లె పిల్లలకు విదేశాలు మరీ దగ్గరైపోయాయి. బస్టాండులో దిగి తలెత్తితే చాలు, కన్సల్టెన్సీ ఫ్లెక్సీలో లండన్ గడియారం కనబడుతుంది. ఐఇఎల్‌టిఎస్ ఇంగ్లీషు పరీక్ష అక్కర్లేదట, బ్యాక్‌లాగులున్నా ఫరవాలేదట. అక్కడ చదువు ఎట్లుంటుందో మాత్రం రాయలేదు. చోటు చాలలేదు కాబోలు.

ఇదే మండలంలోని ఇడుపులపాయలో 2008 నుంచీ ట్రిపుల్ ఐటీ ఉంది. పదో తరగతి మార్కులతో సీటు, ఆరేళ్ల చదువు, ఎక్కువమంది సర్కారు బడి పిల్లలే. అక్కడ మెటలర్జీ చదివిన రైతుబిడ్డ జర్మనీ పోవాలనుకుందనుకోండి. ఆ దేశంలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఫీజే లేదు. కాకపోతే ఏడాది తిండికీ గదికీ 11,904 యూరోలు ముందుగానే బ్లాక్డ్ అకౌంట్లో చూపించాలి. అంటే సుమారు 12 లక్షలు. అప్పు 7.5 లక్షలు దాటితే బ్యాంకు తనఖా అడుగుతుంది. నాయన పొలం పాసుపుస్తకం చంకలో పెట్టుకుని పోతాడు.

"ఆరెకరాలుంది సార్. బోరు గూడా ఉంది."

"నీళ్లున్నాయా?"

"ఉన్నప్పుడు ఉంటాయి సార్."

"సేద్యం భూమి దీనికి పనికిరాదప్పా. కడపలో ప్లాటేమన్నా ఉంటే చూడు."

శెనక్కాయ పంటకు అప్పిచ్చేటప్పుడు కళ్లకద్దుకున్న చేనే ఇది. చదువప్పు అనేసరికి బ్యాంకుకు చూపు ఆనదు.

సర్కారు ఊరుకుంటుందా? విదేశీ చదువుకు సాయం చేసే పథకానికి ఒక ప్రభుత్వం విదేశీ విద్యాదరణ అని పేరు పెట్టింది, ఇంకో ప్రభుత్వం 2022లో విదేశీ విద్యా దీవెన అంది. బారసాలలకు లోటు లేదు. దీవెన మొదలైనప్పుడు ప్రపంచంలో తొలి 200 ర్యాంకుల్లోని విశ్వవిద్యాలయంలో సీటు ఉండాలన్నారు, ఇంటి ఆదాయం 8 లక్షలు దాటకూడదన్నారు. అంతవరకూ న్యాయమే. మొదటి వాయిదా మాత్రం విమానం దిగి, ఆ దేశం వేసిన ముద్ర చూపించాక! పేదవాడు ముందు ఎగరాలి, రెక్కలు తర్వాత పంపిస్తామన్నారు.

వీసా కోసం మనవాళ్ల తొందర అమెరికాకు బాగా అర్థమైంది. డెట్రాయిట్ దగ్గర అక్కడి ప్రభుత్వమే వీసా మోసాలకు వలగా ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒకటి తెరిచింది. వెబ్‌సైటుంది, చిహ్నముంది, ఫీజుంది. పాఠం లేదు, పంతులు లేడు. 2019 జనవరిలో ముసుగు తీసి 130 మంది విద్యార్థులను పట్టుకుంటే అందులో 129 మంది భారతీయులు, ఎక్కువమంది తెలుగువాళ్లు. చదువు అక్కర్లేదు, వీసా ఉంటే చాలు అనుకున్నవాళ్లు అందులో ఉన్నారు, నిజమే. ఆ మాట నేర్పే కన్సల్టెన్సీల ఫ్లెక్సీలు మాత్రం మన బస్టాండులో అట్లే ఉన్నాయి.

ఇడుపులపాయ పిల్లకు కావలసింది ఒక్క సంతకం. ఈ అప్పుకు పూచీ మాది అని ప్రభుత్వం పెట్టేది. అది పెద్ద పనేం కాదు. రైతు పాసుపుస్తకం అట్టమీద ముఖ్యమంత్రి ఫోటో వెయ్యడానికి ఒక ప్రభుత్వం, దాన్ని తీసి రాజముద్ర వెయ్యడానికి ఇంకో ప్రభుత్వం కష్టపడ్డాయి కదా, అందులో సగం శ్రద్ధ చాలు. పూచీకత్తు కాగితం మీద ఎవరి ఫోటో వెయ్యాలో తేలక ఫైలు ఆగినట్టుంది.